ఎలుకకు గింజ, మనిషికి తాయెత్తు

నమ్మకం ఫలించకపోతే మనిషి దాన్ని వదిలెయ్యాలి కదా, ఎందుకు వదలడు? మన హేతువాద మిత్రుల మధ్య ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అజ్ఞానం అంటారు కొందరు. భయం అంటారు కొందరు. చదువు లేకపోవడం అంటారు ఇంకొందరు. కానీ మా ఖరగ్‌పూర్‌లో ఐఐటీ ఉంది. ఇంజనీరింగు చదివినవాళ్ళ వేళ్ళకి రంగురాళ్ళ ఉంగరాలూ ఉన్నాయి. కాబట్టి చదువు ఒక్కటే జవాబు కాదు.

నా మటుకు నాకు నమ్మదగ్గ జవాబు దొరికింది మనుషుల గురించి రాసిన పుస్తకాల్లో కాదు. ఎలుకల గురించీ, పావురాళ్ళ గురించీ రాసిన పుస్తకాల్లో. నేను బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల్లో పని చేసి రిటైరైనవాణ్ణి. మనస్తత్వశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా ఈ ఒక్క విషయంలో జమాఖర్చుల మనిషికి ఇట్టే అర్థమయ్యేది చాలా ఉంది. అందుకే ఈ వ్యాసం.

అమెరికాలో బి.ఎఫ్. స్కిన్నర్ (1904-1990) అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఒక చిన్న పెట్టె, అందులో ఒక మీట, ఆకలిగా ఉన్న ఒక ఎలుక. మీట నొక్కితే ఒక గింజ పడుతుంది. గింజ పడితే ఎలుక మళ్ళీ నొక్కుతుంది. దీన్ని మన తెలుగు టీచరు ట్రైనింగు పుస్తకాల్లో 'కార్యసాధక నిబంధన' అనీ, ఆ గింజని 'పునర్బలనం' అనీ రాస్తారు. బరువైన మాటలే కానీ విషయం తేలిక. చేసిన పనికి ఫలం దొరికితే ఆ పని మళ్ళీ చేస్తాం. ఇంతవరకూ మన అమ్మమ్మలకీ తెలుసు, ఎడ్లు తోలేవాళ్ళకీ తెలుసు.

అమ్మమ్మలకి తెలియనిది దీని తర్వాత వస్తుంది. అది కూడా పొదుపు వల్ల బయటపడింది! స్కిన్నర్ ఎలుకలకి వేసే గింజల్ని తనే ఒక యంత్రంతో తయారు చేసుకునేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం చూసుకుంటే నిల్వ తగ్గిపోయింది. మిగతా రోజంతా గింజలు చేస్తూ కూర్చోకపోతే సోమవారం పొద్దున్నకి సరుకు ఖాళీ. అప్పుడాయనకి ఒక ఆలోచన వచ్చింది. నొక్కిన ప్రతిసారీ గింజ ఎందుకివ్వాలి? నిమిషానికి ఒకటి చొప్పున ఇస్తే? ఇచ్చి చూశాడు. ఎలుకలు మానెయ్యలేదు. నిలకడగా నొక్కుతూనే ఉన్నాయి. ఈ సంగతి ఆయనే 1956లో ఒక వ్యాసంలో రాసుకున్నాడు. ఇంకో చమత్కారం కూడా అందులోనే ఉంది. ఒకసారి గింజలు పడే యంత్రం ఇరుక్కుపోయింది. ఎలుక మొదట తెగ నొక్కి, క్రమంగా మానేసింది. ఫలం ఆగితే పని ఎలా ఆగిపోతుందో చూపించే మొదటి గీత ఆయనకి అలా యాదృచ్ఛికంగా దొరికింది. దీన్ని 'విరమణ' అంటారు.

తర్వాత స్కిన్నర్, ఫెర్స్టర్ అనే సహచరుడితో కలిసి, ఎక్కువగా పావురాళ్ళ మీద ఏళ్ళ తరబడి పని చేసి 1957లో ఒక పెద్ద పుస్తకం వేశాడు. ఏడువందల పేజీలు దాటిన పుస్తకం. దాన్నిండా గీతలే. ఫలం ఎంత ఇచ్చావన్నది కాదు, ఏ లెక్కన ఇచ్చావన్నదే ముఖ్యమని ఆ పుస్తకం సారాంశం. లెక్కలు ప్రధానంగా నాలుగు రకాలు.

మొదటిది స్థిర నిష్పత్తి. ఇన్నిసార్లు నొక్కితే ఒక గింజ. బీడీలు చుట్టేవాళ్ళకి వెయ్యికింత అని కూలి కట్టడం ఇలాంటిదే. పని జోరుగా సాగుతుంది. ఒక కట్ట పూర్తవగానే కాస్త విరామం. మళ్ళీ జోరు.

రెండోది స్థిర కాలవ్యవధి. గడువు నిండాక నొక్కిన మొదటి నొక్కుకి మాత్రమే గింజ. గడువు మధ్యలో ఎన్ని నొక్కినా దండగ. పావురాయి ఏం చేస్తుందంటే, మొదట్లో ఊరుకుని, గడువు దగ్గరపడేకొద్దీ ముక్కుతో టకటకా పొడుస్తుంది. పరీక్ష ముందు వారం చదివే పిల్లల్ని చూడండి. మార్చి నెలలో ఏ ప్రభుత్వ కార్యాలయానికైనా వెళ్ళి బిల్లుల గుట్టలు చూడండి. అచ్చంగా అదే వంపు!

మూడోది చర కాలవ్యవధి. గడువు ఒకసారి అరనిమిషం, ఒకసారి మూడు నిమిషాలు. ఎప్పుడు నిండుతుందో తెలియదు. తొందర లేకుండా, మానకుండా నొక్కుతూ ఉంటుంది. వెనకటికి పోస్టుమాన్ కోసం గుమ్మంలోకి వచ్చి చూసేవాళ్ళం, ఇప్పుడు ఫోను తీసి చూసుకుంటున్నాం.

నాలుగోది చర నిష్పత్తి. సగటున ఇరవై నొక్కులకి ఒక గింజ అనుకోండి. కానీ అది మూడో నొక్కుకే పడొచ్చు, యాభయ్యో నొక్కుకి పడొచ్చు. నాలుగింటిలోనూ అతి జోరుగా, విరామం లేకుండా నొక్కించేది ఇదే. ఫలం పూర్తిగా ఆపేశాక కూడా, ప్రతిసారీ గింజ తినడానికి అలవాటుపడ్డ ఎలుక కంటే ఈ ఎలుక చాలా ఎక్కువసేపు నొక్కుతూనే ఉంటుంది.

ఇది వింతగా ఉంది కదూ? తక్కువ ఫలం పొందినవాడే ఎక్కువకాలం నమ్ముతాడు! కానీ కాస్త ఆలోచిస్తే వింత లేదు. ఇంట్లో లైటు స్విచ్చి వేస్తే వెలగలేదు. రెండుసార్లు వేసి చూసి బల్బు పోయిందంటాం. ఎందుకంటే అది రోజూ వెలిగేది. అదే పాత స్కూటరు అయితే? కిక్కు కొడుతూనే ఉంటాం. పదో కిక్కుకి అందుకున్న రోజులున్నాయి, ఇరవయ్యో కిక్కుకి అందుకున్న రోజులున్నాయి. ఇంజను నిజంగానే పాడైన రోజున ఆ సంగతి మనకి ఎలా తెలియాలి? ఓటమికి ముందే అలవాటుపడ్డవాడికి ఓటమి కొత్త సమాచారం కాదు. కిటుకంతా ఇక్కడే ఉంది.

* * *

ఖరగ్‌పూర్‌లో ఈ నాలుగో లెక్కని చూడ్డానికి ప్రయోగశాల అక్కర్లేదు. గోల్‌బజారు వైపు నడిస్తే చాలు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ లాటరీ టికెట్లు అమ్మడం కుదరదు గానీ, పశ్చిమ బెంగాల్లో కాగితం లాటరీ చట్టబద్ధం. చిన్న బల్ల మీద టికెట్లు పేర్చుకుని కూర్చుంటారు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే కార్ఖానాలో పని కోసం తాతల నాడు వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు మధురాకాటీ, నింపురాల్లో వందలాదిగా ఉన్నాయి. వాళ్ళూ కొంటారు, బెంగాలీలూ కొంటారు, బిహారీలూ కొంటారు. ఈ విషయంలో భాషాభేదం లేదు.

ఒక లెక్క వేద్దాం. ఏ ఫలానా లాటరీ లెక్కా కాదు, ఊహకి మాత్రమే. టికెట్టు ఆరు రూపాయలు. చివరి నాలుగు అంకెలు కలిస్తే 120 రూపాయల చిన్న బహుమతి. 10,000 నంబర్లలో 100 నంబర్లకి అది తగులుతుంది. అంటే వందలో ఒకటి. రోజుకి ఐదు టికెట్లు కొనేవాడు నెలకి 150 కొంటాడు. ఖర్చు 900. సగటున తగిలేది ఒకటిన్నర సార్లు, అంటే 180. నష్టం 720. ఇది జమాఖర్చు.

ఇప్పుడు ఎలుక వైపు నుంచి చూడండి. నెలలో ఒక్కసారైనా తగిలే అవకాశం ఎంత? సుమారు 78 శాతం! వందమంది కొంటే ఆ నెలలో 78 మందికి కనీసం ఒక 'గింజ' పడుతుంది. కోటి రూపాయల బహుమతి జనాన్ని బల్ల దగ్గరకి తెస్తుంది గానీ, వాళ్ళని రోజూ మళ్ళీ రప్పించేది ఈ 120 రూపాయలే. దానికి తోడు, ఒక్క అంకె తేడాతో పోయిన టికెట్టుని చూసి "అరె, ఒక్క నంబర్లో తప్పిపోయింది" అని అమ్మేవాడు జాలిపడతాడు. గణితంలో ఒక్క అంకె తేడాకీ నాలుగు అంకెల తేడాకీ విలువ ఒకటే, సున్నా. కానీ మనసుకి అది సగం గింజ.

ఇంకో సంగతి గమనించాను. బహుమతి తగిలిన టికెట్టు ఫోటో బల్లకి అంటించి ఉంటుంది. తగలని టికెట్లు? ఫలితాలు వచ్చాక రోడ్డు మీద చిరిగిపోయి పడి ఉంటాయి. పొద్దున్న ఊడ్చేస్తారు. జమ వైపు పద్దు గోడ మీద, ఖర్చు వైపు పద్దు చీపురు కింద. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పని పడుతుంది.

ఫోనుల్లో డబ్బు పెట్టి ఆడే ఆటలూ ఇదే సూత్రం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని చట్టంతో నిషేధించాయి. 2025లో కేంద్రమే చట్టం చేసింది. మీట మీద వేలు ఉన్నవాడికి "నీకు బుద్ధి లేదా" అని చెప్పడం కంటే మీటని తియ్యడం మేలని ప్రభుత్వాలకి కూడా తోచిందన్నమాట.

* * *

లాటరీలో కనీసం టికెట్టు కొనడానికీ బహుమతికీ సంబంధం ఉంది. కొనకపోతే తగలదు. ఏ సంబంధమూ లేకుండా గింజ పడితే ఏమవుతుంది? స్కిన్నర్ 1948లో అదీ చూశాడు. ఆకలితో బరువు నాలుగో వంతు తగ్గించిన ఎనిమిది పావురాళ్ళు. పావురాయి ఏం చేసినా, చెయ్యకపోయినా, పదిహేను సెకన్లకి ఒకసారి మేత గిన్నె దానంతటదే ముందుకు వస్తుంది. కొన్నాళ్ళకి ఎనిమిదింటిలో ఆరు పక్షులు ఒక్కోటీ ఒక్కో 'పూజ' మొదలుపెట్టాయి. ఒకటి అపసవ్యంగా ప్రదక్షిణాలు చేసింది. ఒకటి పెట్టె పైమూలలోకి తల పొడుచుకుంది. రెండు గడియారం లోలకంలా తల ఊపాయి. గిన్నె వచ్చిన క్షణంలో యాదృచ్ఛికంగా ఏ కదలిక జరుగుతోందో అది బలపడిందనీ, పక్షి దాన్నే తిరిగి చేసేసరికి మళ్ళీ గిన్నె వచ్చిందనీ స్కిన్నర్ వివరణ. దానికి ఆయన మూఢనమ్మకం అనే పేరే పెట్టాడు.

మన సభల్లో ఈ పావురాళ్ళ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మామూలే. అయితే కథ అక్కడితో ఆపేస్తే మనమూ సగం పద్దులే చూపించినట్టు. 1971లో స్టాడన్, సిమెల్‌హాగ్ అనే ఇద్దరు ఈ ప్రయోగాన్ని మళ్ళీ చేసి, ప్రతి కదలికనీ క్షణక్షణం నమోదు చేశారు. మేత వేళ దగ్గరపడేటప్పుడు పక్షులన్నీ దాదాపు ఒకేలాంటి పని, ముఖ్యంగా ముక్కుతో పొడవడం, చేస్తున్నాయని తేలింది. గుండ్రంగా తిరగడంలాంటివి మధ్య కాలంలో వస్తున్నాయి. అంటే ఒక్కో పక్షికి ఒక్కో పూజ అన్నది స్కిన్నర్ చెప్పినంత సూటిగా లేదు. మనుషుల మీద 1987లో జపాన్‌లో ఓనో అనే శాస్త్రవేత్త చేశాడు. ఇరవైమంది విద్యార్థులు, మూడు మీటలు, దానంతటదే పెరిగే పాయింట్లు. అందులో కొద్దిమందికి మాత్రమే గట్టి మూఢ అలవాటు ఏర్పడింది. ఒకామె మాత్రం పైకప్పు తాకడానికి ఎగురుతూ ఎగురుతూ అలసిపోయేదాకా ఎగిరింది!

కాబట్టి నేను పావురాళ్ళ నుంచి తీసుకునేది చిన్న పాఠమే. యాదృచ్ఛికంగా పడిన ఫలం కూడా కొందరిలో అలవాటుని నాటగలదు. నాటుకున్నాక, అప్పుడప్పుడూ పడే ఫలం చాలు దాన్ని బతికించడానికి.

* * *

ఇప్పుడు అసలు విషయం. మా వీధిలో ఒక తెలుగు కుటుంబం. వాళ్ళబ్బాయికి పన్నెండేళ్ళు. మూర్ఛవ్యాధి. డాక్టరు మాత్రలు రాశాడు. ఊరి బయట ఒక ఓఝా తాయెత్తు కట్టాడు. కొన్నాళ్ళకి ఆ తల్లి మాత్రలు ఆపేసింది. మాత్రలు వేస్తే పిల్లాడు మగతగా ఉంటున్నాడు, తాయెత్తుకి ఆ బాధ లేదు అన్నది ఆమె లెక్క. నేను మాట్లాడబోతే ఆమె అన్న మాట:

"బాబాయ్ గారూ, తాయెత్తు కట్టినాక మూడు నెల్లు మా గుంటడికి ఏటీ రానేదు. నా కళ్ళతో సూసినాను. మీరు పని సెయ్యదంటే నానెలాగ నమ్మీది?"

నిజమే. ఆమె అబద్ధం ఆడలేదు. మూడు నెలలు రాలేదు. మూర్ఛవ్యాధి స్వభావమే అది. ఒక నెలలో మూడుసార్లు రావచ్చు, తర్వాత మూడు నెలలు రాకపోవచ్చు. పైగా జనం ఓఝా దగ్గరకి వెళ్ళేది ఎప్పుడు? జబ్బు బాగా ముదిరినప్పుడు. ముదిరిన తర్వాత తగ్గడం సహజం. ఆ తగ్గుదల తాయెత్తు ఖాతాలో పడుతుంది. మరి మళ్ళీ వచ్చినప్పుడు? "అంటు తగిలింది, మళ్ళీ కట్టాలి" అంటాడు ఓఝా. లెక్కల్లో మేము ఏ ఖాతాకి చెందుతుందో తేలని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేసేవాళ్ళం. కానీ దాన్ని ఎప్పటికప్పుడు తేల్చాలని నియమం. ఓఝా దగ్గర సస్పెన్స్ ఖాతా ఉంది, తేల్చే నియమం లేదు. ప్రతి ఓటమీ అందులోకి పోతుంది. మిగిలిన ఖాతాలో గెలుపులే కనిపిస్తాయి.

అంటే ఆ తల్లి ఏ లెక్కలో ఉంది? గింజ పడేది ఎప్పుడో తెలియని లెక్కలో. తాయెత్తు ప్రతిసారీ పని చేసి ఒకసారి విఫలమై ఉంటే ఆమె వెంటనే వదిలేసేది. అది అప్పుడప్పుడూ మాత్రమే 'పని చేస్తోంది' కాబట్టే వదలలేకపోతోంది. జబ్బులలో వస్తూపోతూ ఉండేవాటి చుట్టూనే, అంటే మూర్ఛ, ఉబ్బసం, కీళ్ళనొప్పులు, పార్శ్వపు నొప్పి లాంటి వాటి చుట్టూనే, తాయెత్తులూ పసరులూ ఎందుకు పెరుగుతాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. విరిగిన ఎముకకి తాయెత్తు ఒక్కటే చాలనేవాళ్ళు తక్కువ. అక్కడ ఫలితం స్పష్టం.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. గింజలు ఆగిన కొత్తలో ఎలుక మానెయ్యదు. ఇంకా గట్టిగా, ఇంకా కోపంగా నొక్కుతుంది. పూర్తిగా మానిందనుకున్నాక కూడా మర్నాడు పెట్టెలో వేస్తే మళ్ళీ కొంతసేపు నొక్కుతుంది. దీన్ని పుస్తకాల్లో 'అయత్నసిద్ధ స్వాస్థ్యం' అంటారు. మనిషి విషయంలోనూ అంతే. మూర్ఛలు పెరిగిన కొత్తలో ఆ ఇంట్లో మొక్కులు తగ్గలేదు, పెరిగాయి. ఆ సమయంలో మనం వెళ్ళి "చూశారా, పని చెయ్యలేదు" అంటే ఏం లాభం? ఆమెకి తెలియని సంగతి మనం చెప్పడం లేదు. ఓటమి ఆమెకి అలవాటే.

ఇక్కడ ప్రాణం సంగతి కూడా ఉంది. మూర్ఛకి వేసే మాత్రలు హఠాత్తుగా ఆపితే ఆగకుండా మూర్ఛలు వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. సరిగ్గా వాడితే 70 శాతం దాకా రోగులు మూర్ఛలు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాదనలో గెలవడం కాదు ముఖ్యం. మాత్ర ఆ పిల్లాడి నోట్లో పడాలి.

* * *

ఇక్కడ ఇంకో ఎలుకల కథ చెప్పాలి. దీనికి తెలుగువాళ్ళతో చిన్న చుట్టరికం ఉంది.

1967లో వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రంతో పాటు పరామనస్తత్వశాస్త్రానికి ఒక విభాగం పెట్టారు. దాన్ని నెలకొల్పిన కోనేరు రామకృష్ణారావు అంతకుముందు అమెరికాలోని డర్హమ్‌లో జె.బి. రైన్ దగ్గర పని చేసి వచ్చారు. తర్వాతి కాలంలో ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయ్యారు, డర్హమ్‌లో రైన్ స్థాపించిన సంస్థకే డైరెక్టరుగా కూడా పని చేశారు. నేను చెప్పబోయే మోసంతో ఆయనకి ఏ సంబంధమూ లేదు. అది జరిగిన చోటు మాత్రం ఆ సంస్థే.

1974లో ఆ సంస్థకి వాల్టర్ లెవీ అనే యువ వైద్యుడు డైరెక్టరు. ఎలుకల మెదడులో సుఖం కలిగించే చోట సన్నని తీగ అమర్చి విద్యుత్తు పంపితే, ఆ విద్యుత్తే గింజలాగా పని చేస్తుందని ఓల్డ్స్, మిల్నర్ 1954లోనే కనిపెట్టారు. లెవీ దీన్ని వాడుకున్నాడు. యంత్రం యాదృచ్ఛికంగా సగం సార్లు ఎలుకకి ఆ సుఖాన్ని ఇస్తుంది. ఎలుకకి మనోశక్తి ఉంటే, యంత్రాన్ని ప్రభావితం చేసి సగం కంటే ఎక్కువసార్లు రప్పించుకోవాలి. ఫలితాలు సగం కంటే ఎక్కువే వచ్చాయి. ఎలుకలకి మనోశక్తి!

లెవీ కింద పని చేసేవాళ్ళకి అనుమానం వచ్చింది. యంత్రం తనంతట తాను నడుస్తున్నప్పుడు ఈయన దాని చుట్టూ ఎందుకు తచ్చాడుతున్నాడు? వాళ్ళు చప్పుడు చెయ్యకుండా ఇంకో తీగ వేసి, అదే ఫలితాలు విడిగా రెండో చోట నమోదయ్యేలా చేశారు. లెవీ పుస్తకంలో 54 శాతం. రెండో పుస్తకంలో 50 శాతం. లెవీ మధ్యమధ్య ప్లగ్గు లాగి, విఫలమైనవి నమోదు కాకుండా చేస్తున్నాడు. రైన్‌కి చెప్పారు. లెవీ ఒప్పుకుని తప్పుకున్నాడు. రైన్ ఆ సంగతిని తన పత్రికలోనే ప్రకటించాడు. మనకి రైన్‌తో ఎన్ని అభిప్రాయభేదాలున్నా, ఆ పని చేసినందుకూ, బాస్ మీద లెక్క రాసిన ఆ కుర్రాళ్ళకీ నమస్కారం పెట్టాలి.

నాకు ఈ కథలో నచ్చేది ఏమిటంటే, లెవీ ఒక్క దొంగ పద్దు కూడా రాయనక్కర్లేకపోయింది. కొన్ని పద్దులు పడకుండా చేస్తే చాలింది. లెక్కలు చూసేవాడికి ఇది పాత సంగతి. రాసిన పద్దులో తప్పు పట్టడం తేలిక. రాయని పద్దుని పట్టడమే కష్టం. దానికి ఒకటే మందు: అదే లావాదేవీకి, మొదటివాడి చెయ్యి పడని, రెండో పుస్తకం.

లాటరీ బల్ల మీద ఉన్నది గెలిచిన టికెట్టు ఫోటో. ఓఝా చెప్పేది నయమైనవాళ్ళ కథ. లెవీ కాగితంలో ఉన్నవి నెగ్గిన ప్రయత్నాలు. మూడింటిలోనూ ఖర్చు వైపు పేజీ చింపేసి ఉంది. తేడా ఏమిటంటే లెవీ తెలిసి చింపాడు. ఆ తల్లి విషయంలో, ఆమె చింపలేదు, మనిషి జ్ఞాపకమే ఆ పని చేసిపెడుతుంది.

* * *

అందుకని నేను ఆ తల్లికి ఒక నోటుపుస్తకం ఇచ్చాను. నాలుగు గళ్ళు గీశాను. తారీఖు. మూర్ఛ వచ్చిందా లేదా. మాత్ర వేశారా లేదా. ఓఝాకి ఏమైనా ఇచ్చారా, ఎంత. తాయెత్తు తియ్యమని అనలేదు. "ఉంచు తల్లీ, చేతికే ఉండనీ. మాత్రా వెయ్యి. రెంటిలో ఏది పని చేస్తోందో ఈ పుస్తకం చెబుతుంది" అన్నాను. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టే ముందు డాక్టరుకి మగత సంగతి చెప్పమన్నాను. ఆయన మోతాదు మార్చాడు. రాసే పని ఆ పిల్లాడి అక్కకి అప్పగించాం. తొమ్మిదో తరగతి పిల్ల, ఒక్కరోజు కూడా తప్పకుండా రాసింది. ఏమీ జరగని రోజున కూడా 'లేదు' అని రాయాలన్నది నా షరతు. ఆ 'లేదు'లే అసలు సరుకు.

పది నెలలు గడిచాయి. ఆ పది నెలల్లో ఆరుసార్లు మూర్ఛ వచ్చింది. అందులో నాలుగు, మాత్రలు అయిపోయి కొనడం ఆలస్యమైన వారాల్లోనివి. ఓఝా గడిలో మొత్తం కూడితే మాత్రల ఖర్చు కంటే ఎక్కువ తేలింది. కూడిక చేసింది నేను కాదు, ఆ పిల్ల. తల్లి ఆ పేజీ వైపు చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. తర్వాతి నెల నుంచి మాత్రలు అయిపోకముందే కొంటోంది. తాయెత్తు మాత్రం పిల్లాడి దండకే ఉంది.

ఒక్క పిల్లాడి నోటుపుస్తకం మందు గుణానికి రుజువు కాదని నాకు తెలుసు. ఆ రుజువు వేలమంది మీద జరిగిన పరీక్షల్లో ఉంది. ఈ పుస్తకం ఆ తల్లికి ఇచ్చింది రుజువు కాదు, ఖర్చు వైపు పేజీ.

మా సంఘంలో ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. "తాయెత్తు తీయించకుండా వచ్చావంటే నువ్వు హేతువాదివేనా? మూఢనమ్మకంతో రాజీ పడ్డావు" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. తాయెత్తు చేతికి ఉన్నంతకాలం మూర్ఛ రాని ప్రతి నెలా దాని ఖాతాలో కూడా కొంత పడుతుంది. నిజమే. కానీ లెక్క వేసి చూడండి. తాయెత్తు తియ్యమని పట్టుబడితే, తీసిన మర్నాడు మూర్ఛ వస్తే? ఒక్క దెబ్బతో ఆ ఇంటి తలుపు నాకూ, డాక్టరుకీ, మాత్రకీ కూడా మూసుకుపోతుంది. విరమణ అంటే మీట మీద నుంచి చెయ్యి లాగెయ్యడం కాదు. నొక్కినా గింజ పడటం లేదన్నది ఎలుకే తెలుసుకోవడం. దానికి టైము పడుతుంది. చర నిష్పత్తి మీద పెరిగిన అలవాటుకి ఇంకా ఎక్కువ టైము పడుతుంది. ఇది శాస్త్రం చెప్పిన మాటే. శాస్త్రాన్ని నమ్మేవాళ్ళం శాస్త్రం చెప్పిన టైము కూడా ఇవ్వాలి కదా?

ఎలుకల గురించి కూడా ఒక మాట. ఇన్ని పాఠాలు మనకి చెప్పినవి ఆకలితో మాడ్చిన పావురాళ్ళూ, తలలో తీగలు గుచ్చిన ఎలుకలూ. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఇలాంటి ప్రయోగాలని పర్యవేక్షించే కమిటీ ఉంది. హైదరాబాదు పోషకాహార సంస్థలో ప్రయోగశాల జంతువుల పెంపకం దశాబ్దాలపాటు ఒక శాస్త్రంగానే సాగింది. ఒకసారి వాటి ప్రాణం ఖర్చు పెట్టి తెలుసుకున్నదాన్ని వాడుకోకుండా, పుస్తకంలోనే ఉంచి, మళ్ళీ మనుషుల మీద కేకలు వేస్తూ కూర్చోవడం నా దృష్టిలో దుబారా.

చివరిగా మన సంగతి. మనం మాత్రం పెట్టె బయట ఉన్నామా? ఒక బాబా గుట్టు రట్టు చేసిన రోజున చప్పట్లు, పేపర్లో ఫోటో. ఆ తర్వాత ఎన్నో సభలు ఖాళీ కుర్చీలకి. అయినా మళ్ళీ అదే ఉపన్యాసం, అదే నిప్పుల మీద నడక. ఎప్పుడో ఒకసారి పడే ఆ గింజ మనల్ని కూడా నొక్కిస్తూనే ఉంది. మన పుస్తకంలో ఖర్చు వైపు పేజీ ఎవరు రాస్తున్నారు? మన ఉపన్యాసం విన్నాక ఎంతమంది మాత్ర వేసుకున్నారు, ఎంతమంది మనకి దూరంగా జరిగారు? రేపటి నుంచి ప్రతి సంఘమూ ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఏమీ జరగని రోజున కూడా అందులో 'లేదు' అని రాయాలి.